రాగిరంగు కావాలంటే ఎండలో కాలక్కర్లేదు: ట్యాన్ వల్ల నష్టాలు, సురక్షితమైన దారులు

ఏప్రిల్ నెలాఖరులో ఒకసారి, ఆగస్టు రెండో వారం దాటాక మరోసారి మిట్టమధ్యాహ్నం నెల్లూరులో నిలబడితే మన నీడ మన కాళ్ల కిందే ఉంటుంది. ఒంగోలులో మూడు నాలుగు రోజుల తేడాతో అదే జరుగుతుంది. సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తి మీదుగా పోయే ప్రాంతం మనది. ఇక్కడ ఎండను వెతుక్కుంటూ వెళ్లే అవసరం ఎవరికీ లేదు. అయినా ఈ మధ్య ఒళ్లు రాగిరంగులో మెరవాలని మైపాడు, కొత్తపట్నం బీచుల్లో మధ్యాహ్నం పూట నూనె రాసుకుని పడుకునే కుర్రాళ్లున్నారు. బాడీబిల్డింగ్ పోటీకి ముందు డాబా మీద ఎండలో కాలేవాళ్లున్నారు. చదువుకోడానికి ఆస్ట్రేలియా, అమెరికా వెళ్లి స్నేహితులతో పాటు ట్యానింగ్ సెలూన్‌లో అడుగుపెట్టే పిల్లలున్నారు. మరోపక్క పొలంలో, రొయ్యల గుంటల మీద, స్కూటర్ మీద నల్లబడిన చేతుల్ని చూసుకుని ఆ నలుపు ఎలాగైనా పోవాలని దొరికిన క్రీమల్లా రాసేవాళ్లు ఇంకా ఎక్కువ.

ఈ రెండు రకాల వాళ్లకూ నేను చెప్పేది ఒకటే. ఎండకు వచ్చిన రంగు, అంటే ట్యాన్, చర్మానికి దెబ్బ తగిలిందనడానికి గుర్తు. రంగు కావాలంటే పైన పూసుకుందాం, దెబ్బ మాత్రం వద్దు. అది ఎలాగో వరసగా చెబుతాను.

1. ముందు ట్యాన్ ఎలా వస్తుందో తెలుసుకోండి

ఎండలో వచ్చే అతినీలలోహిత కిరణాల్లో మన దాకా చేరేవి రెండు రకాలు, యూవీఏ, యూవీబీ. యూవీబీ పైపొరను కాల్చి కమిలిపోయేలా చేస్తుంది. మధ్యాహ్నం పూట దీని తీవ్రత ఎక్కువ. యూవీఏ ఇంకా లోపలికి దిగి చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది. ఇది పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది, మామూలు అద్దంలోంచి కూడా వస్తుంది.

ఈ కిరణాలు తగిలినప్పుడు చర్మకణాల్లోని డీఎన్ఏ దెబ్బతింటుంది. దెబ్బతిన్న కణం పంపే సంకేతంతో పక్కనున్న మెలనోసైట్లు మెలనిన్ అనే రంగుపదార్థాన్ని ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ మెలనిన్ కణకేంద్రకం మీద గొడుగులా కప్పుకుంటుంది, మిగిలిన డీఎన్ఏను కాపాడటానికి. మనకు అద్దంలో కనిపించే నలుపు అదే. అంటే ట్యాన్ కనపడే సరికే నష్టం మొదలైపోయింది. రెండు మూడు రోజుల తర్వాత వచ్చే ఈ రంగు ఇచ్చే రక్షణ కూడా చాలా కొంచెం, సన్‌స్క్రీన్ల రక్షణను కొలిచే ఎస్‌పీఎఫ్ 3 లేదా 4కు మించదు. ‘ముందు కొంచెం ట్యాన్ తెచ్చుకుంటే తర్వాత ఎండ ఏమీ చేయదు’ అనే మాటలో పస లేదు.

‘మనం నల్లగా, చామనఛాయగా ఉంటాం కదా, మనకేం కాదు’ అన్నది రెండో మాట. ఇందులో సగం నిజముంది. మెలనిన్ ఎక్కువ ఉండటం వల్ల తెల్లవాళ్లతో పోలిస్తే మనకు ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ చాలా తక్కువ. మిగతా సగం మాత్రం ఎవరూ చెప్పరు. మన చర్మానికి ఎండ చేసే చేటు వేరే రూపంలో వస్తుంది. బుగ్గల మీద, ముక్కు మీద మంగు మచ్చలు. మొటిమ మానిన చోట నెలల తరబడి పోని నల్లమచ్చ. మెడ వెనక తోలులా మందమైన చర్మం. కంటి నల్లగుడ్డు మీదికి పాకే కండ, తొందరగా వచ్చే శుక్లాలు. పడవ మీద సముద్రంలోకి వెళ్లే మత్స్యకారుల్ని, ఉప్పు కొఠార్లలో పనిచేసే ఆడవాళ్లను చూస్తే ఇవన్నీ కనిపిస్తాయి. వాళ్లకు ఎండ పైనుంచి ఒక్కటే రాదు. నీరు, ఇసుక, తెల్లటి ఉప్పు కూడా కిరణాల్ని తిప్పి ముఖం మీదికే కొడతాయి.

2. ట్యాన్ కోసం చేయకూడనివి

ట్యానింగ్ బెడ్‌తో మొదలుపెడదాం. యూవీ గొట్టపు లైట్లున్న పెట్టెలో పడుకోబెట్టి రంగు తెప్పిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో ఈ పరికరాల్ని మనిషికి క్యాన్సర్ తెప్పించే మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నది కూడా ఆ వర్గంలోనే. పొగాకు పండించే ప్రకాశం జిల్లా వాళ్లకు ఆ మాట బరువు వేరే చెప్పక్కర్లేదు. బ్రెజిల్ అదే ఏడాది వీటిని నిషేధించింది, ఆస్ట్రేలియాలోనూ డబ్బులు తీసుకుని ఈ సేవ ఇవ్వడం నిషేధం. అమెరికాలో మాత్రం చాలాచోట్ల ఇంకా నడుస్తున్నాయి. అక్కడ చదువుకుంటున్న పిల్లలకు తల్లిదండ్రులు ఈ సంగతి ముందే చెప్పి పంపడం మంచిది.

ఆన్‌లైన్‌లో అమ్మే, ఒంటి రంగు ముదిరేలా చేసే మెలనోటాన్ ఇంజెక్షన్లు, ముక్కులో కొట్టుకునే స్ప్రేలు రెండోది. వీటికి అనుమతి లేదు. సీసాలో ఏముందో, ఎంత శుభ్రంగా చేశారో చూసినవాళ్లుండరు. వాంతులు, వికారం రావడం, ఉన్న పుట్టుమచ్చలు రూపం మారడం వంటివి నమోదయ్యాయి. జిమ్‌లో ఎవరైనా ‘అన్నా, ఇది వేసుకుంటే వారంలో రంగు వస్తుంది’ అంటే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

ట్యానింగ్ మాత్రల్లో ఉండే కాంథాక్సాంథిన్ అనే రంగుపదార్థం కంటి రెటీనాలో స్ఫటికాల్లా పేరుకోగలదు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, కొనకండి.

కొబ్బరినూనె, బేబీ ఆయిల్ రాసుకుని ఎండలో పడుకోవడం రక్షణ కాదు. ఇక పోటీకి ముందు నీళ్లు తగ్గించేసిన బాడీబిల్డర్ ఎండలో పడుకుంటే చర్మం సంగతి తర్వాత, వడదెబ్బ తగులుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే విషయం.

3. రంగు కావాలంటే: లోషన్ రాసుకునే పద్ధతి

సెల్ఫ్ ట్యానర్ అని అమ్మే లోషన్లు, నురగలా ఉండే మూస్‌లలో డైహైడ్రాక్సీఅసిటోన్ ఉంటుంది, క్లుప్తంగా డీహెచ్‌ఏ. ఇది ఒక రకం చక్కెర. చర్మం పైపొరలోని చనిపోయిన కణాల్లో ఉండే అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమరంగు తెస్తుంది. పెనం మీద కారం దోసె ఎర్రగా కాలేటప్పుడు జరిగేది కూడా ఇదే జాతి రసాయన చర్య, అక్కడ వేడితో, ఇక్కడ వేడి లేకుండా. 1950ల్లో అమెరికాలో పిల్లల జబ్బుకు వైద్యం చేస్తూ దీన్ని నోటి ద్వారా ఇచ్చినప్పుడు, ఒలికిన చోట చర్మం గోధుమరంగుకు మారడం చూసి కనిపెట్టారు. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 1977 నుంచి పైపూతకు అనుమతిస్తోంది. పైపూతకు మాత్రమే సుమా. కళ్లు, పెదాలు, ముక్కు లోపలి పొరలకు తగలకూడదు, పీల్చకూడదు.

మన ఉక్కపోతలో ఇది సరిగ్గా రావాలంటే కొంచెం ఓపిక కావాలి. తొందరపడితే చారలు పడతాయి. అందుకే ఈ భాగం వివరంగా రాస్తున్నాను.

రెండు రోజుల ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత రాసి వదిలేయండి. దురద, ఎర్రదనం లేకపోతే ముందుకెళ్లండి. షేవింగ్, వ్యాక్సింగ్ ఏమైనా ఉంటే ముందురోజే అయిపోవాలి.

రాసే రోజు సాయంత్రం సున్నిపిండితో నలుగు పెట్టుకుని స్నానం చేయండి. నూనెతో నలుగు వద్దు, జిడ్డు ఉంటే రంగు పట్టదు. మృతకణాలు ఒకచోట పోయి ఒకచోట మిగిలితే రంగు కూడా అలాగే మచ్చలు మచ్చలుగా వస్తుంది. కాబట్టి మోకాళ్లు, మోచేతులు, మడమలు బాగా రుద్దండి. తర్వాత ఒళ్లు పూర్తిగా ఆరాలి. ఆ గరుకు చోట్లకు, వేళ్ల కణుపులకు మాత్రం పల్చగా మాయిశ్చరైజర్ రాయండి. ఇవి మిగతా ఒంటికంటే ఎక్కువ రంగు పీల్చుకుంటాయి, ఆ పొర దాన్ని ఆపుతుంది.

రాత్రి, ఏసీ గానీ ఫ్యాన్ గానీ ఉన్న గదిలో రాయండి. చెమట కారితే చారలే. చేతికి గ్లౌజ్ వేసుకుని కాళ్ల నుంచి మొదలుపెట్టి పైకి రండి. గుండ్రంగా, పల్చగా రాయాలి. వీపుకు ఇంకొకరి సాయం తీసుకోండి. ముఖానికి సగం మోతాదు చాలు, కనుబొమలు, జుట్టు మొదళ్ల దగ్గర తడిబట్టతో తుడిచేయండి. చేతివెనక భాగం అన్నిటికంటే ఆఖరున, గ్లౌజ్‌కు మిగిలిన దానితో. గ్లౌజ్ లేకుండా రాసుంటే అరచేతులు వెంటనే సబ్బుతో కడుక్కోండి. అరచేతులు నారింజరంగులోకి తిరిగితే చూసినవాళ్లందరికీ తెలిసిపోతుంది.

పావుగంట బట్టలు వేసుకోకండి. ఆపైన వదులుగా ఉండే పాత బట్టలు, పాత దుప్పటి. ఆరు నుంచి ఎనిమిది గంటలు నీళ్లు తగలకూడదు, వంటింటి వేడిలో నిలబడకూడదు. రంగు రెండు నుంచి నాలుగు గంటల్లో కనిపించడం మొదలై ఒకటి రెండు రోజుల్లో నిలకడగా అవుతుంది. చాలకపోతే మర్నాడు ఇంకో పల్చటి పూత. మొదటిసారే ముదురుగా రాస్తే వెనక్కి తీసుకోవడం కష్టం.

మన ఛాయకు ‘డార్క్’ లేదా ‘అల్ట్రా డార్క్’ అని రాసి ఉన్న రకమే కనిపిస్తుంది. ‘లైట్’ రకం మన మీద తేలదు, ఒక్కోసారి పసుపు పూసినట్టు ఉంటుంది. అడుగున ఆకుపచ్చ, ఊదా ఛాయలుండే రకం నారింజరంగు రాకుండా చూస్తుంది.

ఒక ముఖ్యమైన సంగతి. ఈ రంగు ఎండ నుంచి కాపాడదు. పైగా రాసిన మొదటి రోజు ఎండ తగిలితే చర్మంలో హానికర ఫ్రీ రాడికల్స్ మామూలు కంటే ఎక్కువ పుడతాయి. ఆ రోజు నీడపట్టున ఉండండి, బయటికి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పదు. రంగు వారం లోపు పైకణాలతో పాటు రాలిపోతుంది. రోజూ మాయిశ్చరైజర్ రాస్తే సమంగా పోతుంది.

ఇదే రంగును ఒంటిమీద చిమ్మే స్ప్రే ట్యాన్ చేయించుకుంటే ముక్కు, కళ్లు, పెదాలకు అడ్డం పెట్టమని అడగండి, గాలి ఆడే గది ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు స్ప్రే జోలికి వెళ్లకుండా లోషనే వాడటం మంచిది. గర్భిణులు డాక్టరును అడిగే చేయాలి. బాడీబిల్డింగ్ పోటీకి వెళ్లేవాళ్లకు స్టేజీ మీద వాడే ప్రత్యేకమైన టాన్ పూతలు విడిగా దొరుకుతాయి. అవి ముదురుగా ఉంటాయి, కొన్ని రకాల్ని పోటీ కాగానే కడిగేయవచ్చు. వారం రోజులు డాబా మీద కాలడం కంటే అవి చాలా మేలు.

4. ఒక్కపూట మెరుపు చాలంటే

పెళ్లికో, ఫొటో షూట్‌కో అయితే లోషన్ కూడా అక్కర్లేదు. మన ఛాయకంటే ఒకటి రెండు మెట్లు ముదురుగా, కొంచెం ఎరుపు లేదా రాగి జీర ఉన్న బ్రాంజర్ అనే మేకప్ రంగు తీసుకుని నుదుటి పైభాగం, బుగ్గ ఎముకలు, ముక్కు దూలం, దవడ అంచు మీద అద్దండి. ఎండ ముందుగా తగిలే చోట్లు అవే, అందుకే అక్కడ అద్దితే సహజంగా ఉంటుంది. చెమట పట్టే సీజన్‌లో పౌడర్ రకం నిలుస్తుంది, చలికాలంలో క్రీమ్ రకం. చేతులకు, భుజాలకు మెరుపు ఉన్న బాడీ లోషన్ సాయంత్రం పూట రాయండి.

నా ఉద్దేశంలో మన చామనఛాయకు తడి ఆరని చర్మమే పెద్ద అలంకారం. స్నానం కాగానే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాస్తే వచ్చే మెరుపు ఏ బ్రాంజరూ ఇవ్వదు. వేరే దేశాల్లో డబ్బులు పోసి కొనుక్కునే రంగు మనకు పుట్టుకతోనే ఉంది.

లేతరంగు కలిపిన టింటెడ్ సన్‌స్క్రీన్ ఒకటుంది. ఇందులోని ఐరన్ ఆక్సైడ్ ముఖానికి వెచ్చటి ఛాయ ఇస్తుంది. మంగును పెంచే మామూలు వెలుతురును కూడా అడ్డుకుంటుంది. రంగూ రక్షణా ఒకేసారి కావాలంటే నేను ముందు దీన్నే చెబుతాను.

5. రోజూ ఎండలో తిరిగేవాళ్లు

నీడే గడియారం. మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే కిరణాలు గట్టిగా ఉన్నట్టు. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే యూవీ సూచిక కనిపిస్తుంది. 3 నుంచి రక్షణ అవసరం, 8 నుంచి చాలా తీవ్రం, 11 నుంచి అత్యంత తీవ్రం. మన జిల్లాల్లో వేసవి మధ్యాహ్నాలు 11 దాటడం మామూలే. పల్చటి మబ్బు దీన్ని పెద్దగా ఆపదు.

మొదటి రక్షణ బట్ట. కయ్యల్లో నాట్లు వేసే ఆడవాళ్లు చీర మీద ఫుల్ చేతుల చొక్కా తొడిగి తలకు తువ్వాలు చుట్టుకోవడం చూస్తుంటాం. ఏ క్రీమూ అంత పని చేయదు. ముదురు రంగు, దగ్గరి నేత మంచిది. పల్చటి తెల్లబట్ట తడిస్తే దాని రక్షణ ఇంకా తగ్గుతుంది. రొయ్యల గుంటల మీద వల లాగేవాళ్లు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లు వెడల్పు అంచున్న టోపీ, యూవీ 400 అని రాసి ఉన్న కళ్లద్దాలు వాడితే కళ్లు కాపాడుకున్నట్టే. స్కూటర్ మీద వెళ్లే అమ్మాయిలు చున్నీ కట్టుకోవడం, చేతులకు స్లీవ్స్ వేసుకోవడం చూసి ఎవరైనా నవ్వితే పట్టించుకోకండి.

పొద్దున నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లే బస్సులో ఎడమపక్క, సాయంత్రం అయితే కుడిపక్క కూర్చోండి. ఒంగోలు నుంచి వచ్చేటప్పుడు దీనికి తిరగేసి. కిటికీ మూసినా యూవీఏ లోపలికి వస్తుందని ముందే చెప్పుకున్నాం.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, యూవీఏ నుంచి రక్షణ ఎంతో చెప్పే పీఏ పక్కన కనీసం మూడు ప్లస్‌లు. ఎస్‌పీఎఫ్ 30 యూవీబీలో దాదాపు 97 శాతం ఆపుతుంది, 50 ఆపేది 98. తేడా కొంచెమే, అసలు తేడా ఎంత రాస్తామన్నదే. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలు గీస్తే వచ్చేంత ముఖానికి, మెడకు కావాలి. బయటికి వెళ్లడానికి పావుగంట ముందు రాసి, చెమట పట్టే పనైతే ప్రతి రెండు గంటలకూ మళ్లీ రాయాలి. ఆరు నెలల లోపు పసిపిల్లలకు సన్‌స్క్రీన్ వద్దు, నీడ, బట్టలే. విటమిన్ డి కోసం నల్లబడేదాకా ఎండలో ఉండక్కర్లేదు. లోపం ఉందని అనుమానముంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టరు చెప్పిన మాత్ర వేసుకోవడం నయం.

6. ఇప్పటికే నల్లబడితే

కమిలి మంట పెడుతుంటే చల్లటి నీళ్లలో తడిపిన బట్ట వేయండి, ఐస్ నేరుగా పెట్టకండి. కలబంద జెల్ గానీ వాసన లేని మాయిశ్చరైజర్ గానీ రాయండి, నీళ్లు ఎక్కువ తాగండి. బొబ్బలు వస్తే చిదమకండి.

కొత్త ఎండ తగలనివ్వకపోతే పైపొర మారేకొద్దీ, నెల నెలన్నరలో ట్యాన్ చాలావరకు తగ్గుతుంది. ఇక్కడ ఓపికే మందు. పెరుగు, సెనగపిండి పట్టు వేస్తే హాని లేదు, చర్మం మెత్తబడుతుంది. అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

నిమ్మచెక్క మాత్రం రుద్దకండి. పొదలకూరు నిమ్మకాయ మార్కెట్ పక్కనే ఉన్నవాళ్లం కాబట్టి చేతికందే చిట్కా అదే. నిమ్మజాతి తొక్కలో, రసంలో ఉండే ఫ్యూరోకౌమరిన్లు అనే రసాయనాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజుల్లో కాలినట్టు బొబ్బలెక్కి, తర్వాత నెలల తరబడి పోని నల్లచారలు పడతాయి. తోటలో కాయలు కోసేవాళ్లు, షర్బత్ పిండేవాళ్లు చేతులు కడుక్కునే ఎండలోకి రావాలి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే తెల్లబడే క్రీములు. వీటిలో చాలావాటిలో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటి స్టిరాయిడ్లు ఉంటాయి. మొదటి రెండు వారాలు ముఖం తేటగా కనిపిస్తుంది, అక్కడే చిక్కుకుపోతాం. ఆ తర్వాత చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. ఆపితే మంట, వాపు, మళ్లీ రాస్తేనే తగ్గడం. 2018లో కేంద్రం ఇలాంటి పలు స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మే షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. ట్యూబు మీద పేరు చివర ‘సోన్’, ‘సోల్’ అని కనిపిస్తే ఎందుకిచ్చారని అడగండి.

తయారీదారు చిరునామా లేకుండా దొరికే కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది మూత్రపిండాల్ని పాడుచేస్తుంది. 2023లో కేరళలోని మలప్పురంలో ఇలా కిడ్నీ జబ్బు వచ్చినవాళ్ల కేసులు వెలుగులోకి వచ్చాయి.

7. డాక్టరును ఎప్పుడు కలవాలి

ముఖం, మెడ, మోచేతుల మడతలు దురదతో నల్లబడి మందమైతే అది ట్యాన్ కాకపోవచ్చు. పొలాల గట్లమీద పెరిగే వయ్యారిభామ పుప్పొడి, ధూళి వల్ల వచ్చే ఎలర్జీ అచ్చం అలాగే ఉంటుంది, ఎండకు ఇంకా పెరుగుతుంది. డాక్సీసైక్లిన్, బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయజైడ్ వంటి మందులు వాడేవాళ్లకు కొంచెం ఎండకే చర్మం కమిలిపోవచ్చు. మందు మీ అంతట మీరు ఆపకుండా రాసిచ్చిన డాక్టరుకు చెప్పండి.

నెల దాటినా మానని పుండు, ఆకారం, రంగు మారుతున్న పుట్టుమచ్చ, రక్తం కారే గడ్డ ఉంటే ఆలస్యం చేయవద్దు. మన చర్మంలో మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ చాలా అరుదే గానీ, వస్తే ఎండ తగలని అరికాలిలో, అరచేతిలో, గోరు కింద నల్లచారగా రావడం ఎక్కువ. చెప్పు కరిచిందనో, గోరు నలిగిందనో సరిపెట్టుకుని నెలలు గడిపేస్తుంటారు. స్నానం చేసేటప్పుడు అరికాళ్లు కూడా చూసుకోండి.

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల విభాగం ఉంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, డబ్బాలు, ఖాళీవైనా సరే, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ముఖానికి ఏం రాశారో చెప్పడానికి సిగ్గుపడి దాచేవాళ్లున్నారు. డాక్టరుకు ముందు తెలియాల్సింది అదే.